ట్రిపుల్ ఐటీ సీటు వచ్చింది, చేరాలా? ఇంటర్, గురుకులం, పాలిటెక్నిక్‌లతో పోల్చి చూసుకోండి

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నుంచి జూన్ నెలాఖరు దాకా, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల ఇళ్లలో ఒకటే చర్చ. ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టారు, సీటు వచ్చేలాగే ఉంది. ఈలోగా కార్పొరేట్ కాలేజీ పీఆర్వో రోజు విడిచి రోజు ఫోన్ చేస్తుంటాడు. మేనమామ పాలిటెక్నిక్ మేలంటాడు, బడిలో లెక్కల సారు గురుకులం అంటారు. నలుగురూ చెప్పేదాంట్లో నిజం ఉంది. అయితే ఏ దారి ఏ పిల్లకి సరిపోతుందో తెలియాలంటే ఒక్కో దాని లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ముందు పేరు దగ్గరి గందరగోళం తీర్చుకుందాం. మన ఊళ్లలో ట్రిపుల్ ఐటీ అంటే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే ఆర్జీయూకేటీ. పల్లెటూరి బడుల్లో బాగా చదివే పిల్లల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైంది. కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి దీనికి మొదటి కులపతి. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు వచ్చాయి. గచ్చిబౌలిలో, శ్రీసిటీలో, కర్నూలులో ఉన్న ట్రిపుల్ ఐటీలు పూర్తిగా వేరు. అక్కడికి ఇంటర్ తర్వాత, ప్రధానంగా జేఈఈ ద్వారా వెళ్తారు. ఈ తేడా తెలియక "జేఈఈ లేకుండానే అక్కడ సీటొచ్చింది" అని సంబరపడి, తర్వాత నిరుత్సాహపడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆర్జీయూకేటీలో చదువు ఆరేళ్లు. మొదటి రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన పీయూసీ, పిల్లల మాటల్లో పీ-1, పీ-2. తర్వాత నాలుగేళ్లు బీటెక్, ఈ-1 నుంచి ఈ-4 దాకా. ప్రవేశం పదో తరగతి మార్కుల మీదే. పదో తరగతి మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. గురుకులాలు కాని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల పిల్లలకు అదనపు మార్కులు కలుస్తాయి. గ్రేడ్ల కాలంలో అవి 0.4 పాయింట్లు, మార్కుల పద్ధతి వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో 4 శాతం. ఇద్దరికి సమానంగా వస్తే ముందు గణితం, తర్వాత సైన్స్, ఆ తర్వాత ఇంగ్లిష్, మిగతా సబ్జెక్టులు చూస్తారు. అవన్నీ సమానమైతే వయసులో పెద్దవారికి సీటు. అందుకే మొత్తం ఒకటే అయినా లెక్కల్లో రెండు మార్కులు తక్కువున్న బిడ్డ వెనకబడిపోవచ్చు.

అసలు పోటీ సీటు వచ్చాకే

ట్రిపుల్ ఐటీ గురించి తల్లిదండ్రులకు ఎవరూ గట్టిగా చెప్పని సంగతి ఇదే. చేరేటప్పుడు బ్రాంచి ఇవ్వరు. పీయూసీ రెండేళ్లలో తెచ్చుకున్న సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్ల గ్రేడుల సగటు, రిజర్వేషన్ నిబంధనలు చూసి ఈ-1 ముందు బ్రాంచి కేటాయిస్తారు. ఎంట్రన్స్ లేదు కాబట్టి ఊపిరి పీల్చుకోవచ్చని చేరిన పిల్లలకి ఈ రెండేళ్లే అసలైన ఎంట్రన్స్. ఒక క్యాంపస్‌లో ఏటా చేరే వెయ్యి మందీ వాళ్ల వాళ్ల బడుల్లో ఫస్ట్ వచ్చినవాళ్లే. ఊళ్లో ఎప్పుడూ మొదటి స్థానం దాటి చూడని బిడ్డ ఇక్కడ మొదటి మిడ్ పరీక్షలో నాలుగు వందో స్థానంలో తేలడం మామూలు విషయం. ఆ దెబ్బకు తట్టుకుని నిలబడతారా అన్నది చేరకముందే ఆలోచించుకోవాలి.

లెక్క ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ. ఒక్కో సబ్జెక్టుకు ఉండే బరువును క్రెడిట్లలో కొలుస్తారు. సెమిస్టర్‌లో 24 క్రెడిట్లు ఉన్నాయనుకోండి. నాలుగు క్రెడిట్ల గణితంలో 10 పాయింట్ల గ్రేడు రావలసిన చోట 6 వచ్చింది. పోయింది 4 పాయింట్లు, నాలుగు క్రెడిట్లకు 16. దాన్ని 24తో భాగిస్తే ఆ సెమిస్టర్ సగటులో 0.67 తగ్గుతుంది. నాలుగు సెమిస్టర్లూ కలిపితే తేడా 0.17. చూడటానికి చిన్నదే. కానీ కంప్యూటర్ సైన్స్ సీట్లు అయిపోయే చోట అందరి సీజీపీఏలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. అక్కడ 0.17 అంటే ఒక్కోసారి యాభై, వంద మంది ముందుకు వెళ్లిపోవడం. అదే గ్రేడు ఒక క్రెడిట్ ల్యాబ్‌లో తగ్గితే నష్టం నాలుగో వంతే. అందుకే పీ-1లో చదువుకునే సమయాన్ని సబ్జెక్టుల సంఖ్యను బట్టి కాక క్రెడిట్లను బట్టి పంచుకోవాలి.

ఎక్కడ తప్పుతుందంటే, దాదాపు ఎప్పుడూ మొదటి సెమిస్టర్‌లోనే. పదో తరగతి భౌతికశాస్త్రం బట్టీ పట్టినా గట్టెక్కుతుంది, ఇక్కడ గట్టెక్కదు. మొదటి నెలలోనే వెక్టర్లు, త్రికోణమితి, కొద్దిపాటి కలన గణితం కలిపి వాడాల్సి వస్తుంది. గణితం సారు డిఫరెన్షియేషన్ దాకా రాకముందే ఫిజిక్స్ సారు దాన్ని వాడేస్తారు. పైగా అంతా ఇంగ్లిష్‌లో. ఫలితాలకూ తరగతులకూ మధ్య దొరికే నలభై, యాభై రోజులు ఇందుకే విలువైనవి. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ఫిజిక్స్‌లో మొదటి మూడు, నాలుగు అధ్యాయాలు, గణితంలో సమితులు, ప్రమేయాలు, త్రికోణమితి. రోజుకు రెండు గంటలు చాలు. ప్రతి అధ్యాయం చివరి లెక్కలు చేతితో చేయాలి, జవాబు చూసి అర్థమైందనుకుంటే లాభం లేదు. పుస్తకం ఉచితంగా ఫోన్‌లోకే దించుకోవచ్చు.

సబ్జెక్టు తప్పి ఆర్ గ్రేడు వస్తే రెమిడియల్ పరీక్ష, అంటే మళ్లీ పరీక్ష, రాయాలి. ఒకటి వచ్చినంత మాత్రాన బతుకు ఆగిపోదు, కానీ ఒకేసారి మూడు మోస్తే తర్వాతి సెమిస్టర్ తరగతులు వింటూనే పాతవి చదవాల్సి వస్తుంది. వెనకబడేవారిలో ఎక్కువమంది చిక్కుకునేది ఆ ఉచ్చులోనే. రెమిడియల్ వచ్చిన సబ్జెక్టును సెలవుల మొదటి వారంలోనే పూర్తి చేసుకోవడం ఒక్కటే మందు.

కోరుకున్న బ్రాంచి రాకపోతే? మెటలర్జీ, కెమికల్, సివిల్ వచ్చినవాళ్లు ఏడుస్తూ చేరడం చూస్తుంటాం. అంత దిగులు అక్కర్లేదు. ఎంటెక్ ప్రవేశాలకు దారి చూపే గేట్ పరీక్షకు బీటెక్ మూడో ఏడాది నుంచే కూర్చోవచ్చు. మెటలర్జీ లాంటి పేపర్లు రాసేవారి సంఖ్య కంప్యూటర్ సైన్స్‌తో పోలిస్తే చాలా తక్కువ. కాకపోతే ఆ దారిలో వెళ్లాలని ఈ-2లోనే నిర్ణయించుకోవాలి. ఈ-4 దాకా సాఫ్ట్‌వేర్ వెంట పరుగెత్తి, అది అందక అప్పుడు గేట్ పుస్తకం తీస్తే రెండూ పోతాయి.

బోధన ఎలా ఉంటుంది

ఈ సంస్థ మొదలైనప్పుడు ఊహ కొత్తది. ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్, రికార్డు చేసిన పాఠాలు, పక్కన మెంటర్. కాలక్రమంలో అది మామూలు తరగతి బోధన వైపు చాలా జరిగింది. కానీ సొంతంగా చదువుకోవాలన్న అలవాటు మీద ఈ చదువు ఇప్పటికీ నిలబడి ఉంది. శాశ్వత అధ్యాపకుల కొరత పాత సమస్య. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండకూ వానకూ వెనక్కి తగ్గకుండా దాదాపు వారం రోజులు కూర్చుని నిరసన తెలిపింది ఇలాంటి సమస్యల మీదే: పూర్తికాలపు వీసీ, అధ్యాపకులు, ల్యాప్‌టాప్‌లు, మెస్ భోజనం. ఆ పిల్లలు అడిగినవన్నీ న్యాయమైనవే. కాబట్టి ఏ క్యాంపస్‌లో చేరబోతున్నా, పీ-1కి ప్రస్తుతం గణితం, ఫిజిక్స్ చెప్పేవాళ్లు ఎందరు, ఒక సెక్షన్‌లో ఎందరు పిల్లలు, ల్యాప్‌టాప్ ఏ నెలలో చేతికొచ్చింది అని ఇప్పుడు పీ-2లో ఉన్న పిల్లలనే అడగండి. పాసై వెళ్లిపోయిన అన్నయ్యలు చెప్పేది వాళ్ల కాలపు సంగతి.

కూర్చోబెట్టి చదివిస్తే తప్ప చదవని పిల్లవాడికి ట్రిపుల్ ఐటీ సరిపడదని మా అభిప్రాయం. స్టడీ అవర్‌లో పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. పక్కనే ల్యాప్‌టాప్ ఉంటుంది, అందులో చదువూ ఉంటుంది, సినిమా కూడా ఉంటుంది. అలాంటి పిల్లవాడు ఇంట్లో ఉండి దగ్గరి కాలేజీలో ఇంటర్ చదివితే కనీసం అమ్మానాన్నల కళ్లెదుట ఉంటాడు.

డబ్బు లెక్క

ఆంధ్రప్రదేశ్ క్యాంపస్‌ల ఇటీవలి నోటిఫికేషన్లలో బోధన రుసుము పీయూసీకి ఏడాదికి 45,000, బీటెక్‌కు 50,000 రూపాయలు. అంటే ఆరేళ్లకు 2,90,000. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటే ఇందులో చాలావరకు ప్రభుత్వం భరిస్తుంది. బాసరలో అర్హత లేనివారికి ఏడాదికి 37,000 ఉంటూ వచ్చింది. మెస్, హాస్టల్, తిరిగి ఇచ్చే డిపాజిట్, ఆరోగ్య బీమా ఏవి ఇందులో కలిశాయో, ఏవి విడిగా కట్టాలో మీ ఏడాది నోటిఫికేషన్‌లో చదివి ఒక కాగితం మీద రాసుకోండి. వేరే రాష్ట్రాల వాళ్లకు రుసుము లక్ష దాటుతుంది.

కార్పొరేట్ ఇంటర్‌లో హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్ష నుంచి రెండున్నర లక్షల దాకా అడుగుతారు. రెండేళ్లయ్యాక బీటెక్ ఖర్చు మళ్లీ మొదలు. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకు ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తేనే మొత్తం ఫీజు, లేదంటే 35,000 వరకే ప్రభుత్వం ఇస్తూ వచ్చింది. మిగతాది తండ్రి జేబులోంచే. ఈ లెక్క పదో తరగతిలోనే వేసుకోవాలి. ఆరేళ్ల మొత్తం ఒకచోట రాసుకుంటే ఏ దారి ఎంత బరువో ఇంట్లో అందరికీ అర్థమవుతుంది.

రీయింబర్స్‌మెంట్ మీద ఒక జాగ్రత్త. ఆదాయ ధ్రువపత్రం తాజాది ఉండాలి, ఆధార్‌లో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి, బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిసి ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండి దరఖాస్తు ఆగిపోయే కేసులు ప్రతి ఏటా ఉంటాయి. వేసవిలోనే ఆధార్ సరిచేయించుకోండి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే చివర్లో సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు బాకీ చూపించే ప్రమాదం ఏ కాలేజీలోనైనా ఉంది. కట్టిన ప్రతి రసీదూ ఆరేళ్లు దాచుకోవాలి.

ఇంటర్ వైపు వెళ్తే

లక్ష్యం ఐఐటీ అయితే ట్రిపుల్ ఐటీ ఆ దారికి అడ్డం పడుతుంది. పీయూసీ సెమిస్టర్ పరీక్షలు, ల్యాబులు, ఐటీ సబ్జెక్టు వాటి పద్ధతిలో నడుస్తాయి. జేఈఈ మెయిన్ 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకు మైనస్. దానికి వేలకొద్దీ లెక్కలు చేయాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టి జేఈఈ దక్కించుకున్నవాళ్లు లేకపోలేదు, కానీ సీజీపీఏ పణంగా పెట్టి ప్రయత్నించి రెండింటికీ చెడ్డవాళ్లే ఎక్కువ. అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయగలరన్నదీ గుర్తుంచుకోవాలి. డాక్టరు కావాలనుకునే పిల్లకైతే ఇంత చర్చే అనవసరం. బైపీసీ తీసుకోవాలి.

కార్పొరేట్ కాలేజీలో కూర్చోబెట్టే క్రమశిక్షణ నిజమే. వారం వారం పరీక్ష పెడతారు, తప్పులు చూపిస్తారు. కానీ ఒకే కాలేజీలో సెక్షన్‌కో రకం చదువు ఉంటుంది. పై సెక్షన్‌కు చెప్పే లెక్చరర్లు కింది సెక్షన్‌కు రారు. ఫీజు కట్టేముందు అడగాల్సిన ప్రశ్న "మీకు టాప్ ర్యాంకులెన్ని?" కాదు. "మా అబ్బాయి ఏ సెక్షన్‌లో ఉంటాడు, ఆ సెక్షన్‌లో పోయినేడు మధ్యస్థంగా ఉన్న పిల్లవాడికి ఎప్‌సెట్ ర్యాంకు ఎంత?" సూటిగా జవాబు చెప్పలేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని లేచి వచ్చేయండి.

గురుకుల జూనియర్ కాలేజీలు మన దగ్గర చాలామంది మర్చిపోయే మంచి దారి. 1971లో నల్లగొండ ప్రాంతంలోని సర్వేల్‌లో మొదలైన గురుకుల సంప్రదాయం తెలుగు నేల మీద ఎందరో పిల్లల్ని నిలబెట్టింది. ఆంధ్రప్రదేశ్ గురుకుల జూనియర్ కాలేజీల్లో (ఏపీఆర్‌జేసీ) చేరడానికి 150 మార్కుల ప్రవేశ పరీక్ష, రెండున్నర గంటలు. ఎంపీసీకైతే ఇంగ్లిష్, గణితం, భౌతికశాస్త్రం ఒక్కోటి 50. తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులాల ప్రతిభా కళాశాలలు, గౌలిదొడ్డి లాంటివి, జేఈఈ, నీట్ శిక్షణతోనే నడుస్తాయి. ఫీజు లేదు, తిండీ బసా ఉచితం, రెండేళ్ల తర్వాత తలుపులన్నీ తెరిచే ఉంటాయి. ఇలాంటి ప్రతిభా కళాశాలలో సీటు వచ్చి, పిల్లకు లెక్కల మీద నిజమైన ఇష్టం ఉంటే ట్రిపుల్ ఐటీ కన్నా దానికే మేం ముందు ఓటు వేస్తాం. మామూలు గురుకులం అయితే, ఆరేళ్లకు ఒకేసారి కుదిరిపోయే ట్రిపుల్ ఐటీ వైపు మొగ్గుతాం.

ఊరి దగ్గరి ప్రభుత్వ జూనియర్ కాలేజీని తీసిపారేయకండి. లెక్చరర్లు అర్హత ఉన్నవాళ్లే. కొరత ఉండేది సాధన పరీక్షలకు. ఆంధ్రప్రదేశ్ ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణలో తీసేశారు. 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ లేదు. పాత పేపర్లు ఆదివారానికి ఒకటి చొప్పున గడియారం పెట్టుకుని రాసే పిల్లవాడు ఇంటి నుంచే మంచి ర్యాంకు తెచ్చుకోగలడు.

పాలిటెక్నిక్ ఎవరికి

పనిముట్టు చేతికిస్తే చదువు తలకెక్కే పిల్లలకు, ఇంట్లో త్వరగా ఒక జీతం అవసరమైనవాళ్లకు. ప్రవేశ పరీక్ష పాలిసెట్ 120 మార్కులు. ఆంధ్రలో గణితం 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది రుసుము ఐదు వేల లోపే. మూడేళ్ల డిప్లొమాతో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే రైల్వే జూనియర్ ఇంజనీర్, రాష్ట్ర అసిస్టెంట్ ఇంజనీర్ పరీక్షలకు దారి పడుతుంది. బీటెక్ కావాలంటే ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. మూడు, మూడు కలిపితే ఇదీ ఆరేళ్లే, కాకపోతే మధ్యలోనే చేతికి ఒక డిప్లొమా వచ్చేస్తుంది.

దీనిలోని ఇబ్బంది ఈసెట్ దగ్గర మొదలవుతుంది. అది 200 మార్కులు, అందులో 100 బ్రాంచి సబ్జెక్టు, 50 గణితం, 25 చొప్పున ఫిజిక్స్, కెమిస్ట్రీ. గణితం మొదటి ఏడాదిలోనే చదివి వదిలేసిన పిల్లలు మూడేళ్ల తర్వాత అక్కడే పోగొట్టుకుంటారు. ఈసెట్ కోసం కాలేజీలు కేటాయించే లాటరల్ సీట్లు, అంటే నేరుగా రెండో ఏడాదిలో చేరేవి, మంజూరైన సీట్లలో పదో వంతే, కాబట్టి మంచి కాలేజీలో పోటీ గట్టిగానే ఉంటుంది. చేరాక కూడా బీటెక్ మొదటి ఏడాది గణితం చదవని లోటు రెండో ఏడాదిలో కనిపిస్తుంది. డిప్లొమా మూడేళ్లూ వారానికి మూడు గంటలు గణితానికి ఇస్తే ఈ రెండు ఇబ్బందులూ తప్పుతాయి.

ట్రిపుల్ ఐటీకి పెట్టినా పాలిసెట్ మాత్రం తప్పక రాయించండి. కోవిడ్ కాలంలో, 2021లో, బాసర ప్రవేశాలు పాలిసెట్ ర్యాంకుతోనే జరిగాయి. పరీక్షకు కూర్చోవడం వల్ల పోయేది ఒక్క పూట.

క్యాంపస్‌లో బతుకు

బాసరకు రైలు ఉంది, సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా. నూజివీడుకు విజయవాడ నుంచి బస్సులు ఉంటాయి. నూజివీడు పేరుతో ఉన్న రైల్వే స్టేషన్ హనుమాన్ జంక్షన్ వైపు ఉంటుంది, అక్కడ దిగి మళ్లీ బస్సెక్కాలి. ఇడుపులపాయకు వేంపల్లె మీదుగా వెళ్లాలి, రాత్రిపూట చేరేలా ప్రయాణం పెట్టుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తులోనే క్యాంపస్‌ల ప్రాధాన్యం రాయాలి. చాలామంది పేరు వినే రాస్తారు. పండగకు బిడ్డ ఒంటరిగా ఇంటికి ఎన్ని బస్సులు మారి రావాలో లెక్కపెట్టి రాయండి. జ్వరం వచ్చిన రోజు మీరు ఎన్ని గంటల్లో అక్కడ ఉండగలరో అదే అసలు దూరం.

ఇటీవలి ఎంపిక జాబితాల్లో అమ్మాయిలే ఎక్కువ. గేటు లోపలే అన్నీ ఉండటం, బయటికి వెళ్లాలంటే అనుమతి కావడం వల్ల ఆడపిల్లల తల్లిదండ్రులు ధైర్యంగా పంపుతారు. అదే కట్టుబాటు పదిహేనేళ్ల వయసులో ఊపిరాడనట్టూ ఉంటుంది. మొదటి రెండు నెలలు ఇంటిమీద బెంగ సహజం. దసరాకు ఇంటికొచ్చి "నేను మళ్లీ వెళ్లను" అనే పిల్లలు చాలామంది ఉంటారు. అప్పుడు కోప్పడకుండా, వెంటనే మానిపించకుండా, మొదటి సెమిస్టర్ పరీక్షల దాకా అని గడువు పెట్టుకోండి. అయితే బెంగకూ నిజమైన ప్రమాదానికీ తేడా గుర్తించాలి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఫోన్ ఎత్తకపోవడం, తాను ఎందుకూ పనికిరానని పదేపదే అనడం రెండు వారాలు దాటితే వెంటనే వెళ్లి కలవండి. టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. ర్యాగింగ్ అయితే 1800-180-5522. ఈ రెండు నంబర్లూ పిల్లల నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించండి.

తీసుకెళ్లాల్సినవి: ఇనుప పెట్టెకు ఒకటి, అల్మరాకు ఒకటి మంచి తాళాలు, బకెట్, మగ్గు, దోమతెర, నాలుగు దుప్పట్లు, మూడు తువ్వాళ్లు, బట్టలు ఆరేసుకునే తాడు, క్లిప్పులు, స్టీలు పళ్లెం, గ్లాసు. తువ్వాళ్లు మూడెందుకంటే, హాస్టళ్లలో గజ్జి, తామర అంటుకునేది ఎక్కువగా ఒకరి తువ్వాలు, దుప్పటి ఇంకొకరు వాడటం, తడి బట్టలు వేసుకోవడం వల్లే. గజ్జి వస్తే డాక్టరు సాధారణంగా 5 శాతం పర్మెత్రిన్ మలాము రాస్తారు. మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి రాసుకుని 8 నుంచి 14 గంటలు ఉంచుకోవాలి, వారానికి మళ్లీ ఒకసారి. గదిలో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. ఒక్కరు రాసుకుంటే పక్క మంచం నుంచి మళ్లీ అంటుకుంటుంది, అందుకే "ఎన్నిసార్లు రాసినా పోవట్లేదు" అంటుంటారు. బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. తామరకు మందుల షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ కలిసిన మలాములు వాడొద్దు. మొదట తగ్గినట్టే ఉండి ముదురుతుంది.

మెస్ భోజనం వేలమందికి వండేది. ఇంటి రుచి ఉండదు, అది సరే. అన్నం ఉడకకపోవడం, పురుగులు, పాచివాసన మాత్రం సర్దుకోవలసిన విషయాలు కావు. ఫొటో, తేదీ, పూటతో సహా మెస్ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటితో చెప్పింది ఎక్కడా మిగలదు.

సీటు దగ్గర జరిగే పొరపాట్లు

మొదటిది, మార్చిలోనే కార్పొరేట్ కాలేజీకి మొత్తం ఫీజు కట్టేయడం. ట్రిపుల్ ఐటీ జాబితా వచ్చేసరికి ఆ డబ్బు తిరిగి రాదు. తప్పనిసరైతే అతి తక్కువ మొత్తం కట్టి, మానుకుంటే ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి. అసలు టీసీ, మెమో మాత్రం ముందే ఇవ్వకండి.

రెండోది కాగితాలు. పదో తరగతి మెమో, హాల్‌టికెట్, టీసీ, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ పత్రం, ఆధార్, రేషన్ కార్డు, బిడ్డవీ తల్లిదండ్రులవీ ఫొటోలు. మధ్యలో బడి మారిన పిల్లలకు పాత బడి స్టడీ సర్టిఫికెట్ కోసమే రెండు వారాలు పడుతుంది, బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లాలి. జాబితా వచ్చాక మొదలుపెడితే కౌన్సెలింగ్ తేదీకి అందదు. అన్నిటికీ మూడేసి జిరాక్సులు తీసి, స్కాన్ చేసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. క్రీడలు, ఎన్‌సీసీ, వికలాంగులు, సైనిక కుటుంబాల కోటాకు విడిగా పరిశీలన తేదీ ఉంటుంది. అది తప్పితే కోటా పోతుంది.

మూడోది, మొదటి జాబితాలో పేరు లేదని ఆశ వదిలేయడం. చేరని వాళ్ల సీట్లు తర్వాతి విడతలో వస్తాయి. ఆ సమాచారం దరఖాస్తులో ఇచ్చిన ఫోన్‌కే వస్తుంది. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి నంబరు ఇచ్చి నష్టపోయినవాళ్లు ఉన్నారు, కాబట్టి మీ సొంత నంబరే ఇవ్వండి.

నాలుగోది, చేరాక మధ్యలో మానడం. పీ-1 మధ్యలో వచ్చేస్తే ఇంటర్‌లో మళ్లీ మొదటి ఏడాది నుంచే చేరాలి, అదీ ఇంటర్ బోర్డు ప్రవేశాల గడువులోపు. గడువు దాటితే ఏడాది పోయినట్టే. పోల్చి చూస్తే పీ-2 పూర్తిచేసి బయటికి రావడం సులువు. కానీ ఎప్‌సెట్, జేఈఈ కౌన్సెలింగ్‌ల నాటికి పీయూసీ మెమో, టీసీ చేతికి రావాలి, విశ్వవిద్యాలయం క్యాలెండర్ ఇంటర్ బోర్డు క్యాలెండర్‌తో కలవదు. బయటికి వెళ్లే ఆలోచన ఉంటే పీ-2 రెండో సెమిస్టర్ మొదట్లోనే అకడమిక్ సెక్షన్‌లో మెమో ఏ నెలలో ఇస్తారని అడిగి, దరఖాస్తు రాతపూర్వకంగా పెట్టి, దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి.